తొంభై వేల ప్రభుత్వాల పద్దులు

అమెరికాలో ఎన్ని ప్రభుత్వాలు ఉన్నాయని అడిగితే, ఇక్కడ ఏళ్ల తరబడి కాపురం ఉంటున్న తెలుగువాళ్లు కూడా ఒక ఫెడరల్ ప్రభుత్వం, యాభై రాష్ట్రాలు, ఆపైన కొన్ని వేల నగరాలు అని చెప్పి ఊరుకుంటారు. సెన్సస్ బ్యూరో 2022లో జరిపిన ప్రభుత్వాల గణన ప్రకారం స్థానిక ప్రభుత్వాలే 90,837 ఉన్నాయి. వాటిలో కౌంటీలు 3,031, నగరపాలికలు 19,491, టౌన్‌షిప్‌లనే ఊరి స్థాయి పాలనా సంస్థలు 16,214, స్వతంత్ర స్కూల్ డిస్ట్రిక్టులు 12,546. మిగిలిన 39,555 స్పెషల్ డిస్ట్రిక్టులు. అంటే నీటి సరఫరాకో, మంటలార్పడానికో, ఆసుపత్రి నడపడానికో, దోమల నివారణకో, చివరికి శ్మశానం నిర్వహించడానికో చట్టప్రకారం ఏర్పడి, చాలా సందర్భాల్లో సొంతంగా పన్ను వేసుకునే అధికారం కూడా ఉన్న సంస్థలు. హ్యూస్టన్ శివార్లలో కేటీ, సైప్రస్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లకు ఈ సంగతి ఏటా వచ్చే ఆస్తిపన్ను బిల్లులోనే కనిపిస్తుంది. కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్టు, కమ్యూనిటీ కాలేజీ, ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్టు, మ్యునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు అంటూ ఒకే ఇంటి మీద వరుసగా పన్నులు పడుతుంటాయి.

వృత్తిరీత్యా ఈ సంస్థల బడ్జెట్లు, ఆడిట్ నివేదికలు చదవవలసి రావడం వల్ల, ఇన్ని చిట్టా ఆవర్జాల నుంచి దేశం మొత్తానికి ఒకే లెక్క ఎలా తేలుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి నాకు చాలాకాలంగా ఉంది. ఈ గణాంకాల సేకరణను ఆధునికీకరించాలన్న మాట ఇప్పుడు తరచుగా వినబడుతోంది. ఆ మాటకు కాగితం ఫారం పోయి వెబ్‌సైట్ రావడమే అర్థమని చాలామంది అనుకుంటారు కాని, అసలు చిక్కు ఫారంలో లేదు.

ప్రభుత్వాల గణన చట్టబద్ధమైన కార్యక్రమం. 1957 నుంచి రెండుతోను, ఏడుతోను ముగిసే ప్రతి సంవత్సరంలోనూ ఇది జరుగుతోంది. మొదట ప్రభుత్వాల జాబితా తయారవుతుంది. తరువాత ఉద్యోగులు, జీతభత్యాల వివరాలు, ఆపైన ఆదాయ వ్యయాలు సేకరిస్తారు. మధ్య సంవత్సరాల్లో అన్ని ప్రభుత్వాలనూ అడగకుండా, కొన్నింటిని నమూనాగా ఎంచుకుని వార్షిక సర్వే చేస్తారు. ఇవి కాక రాష్ట్ర, స్థానిక పన్నుల రాబడిపై 1962 నుంచి మూడు నెలలకొకసారి ఒక నివేదిక వస్తోంది.

వీటన్నింటిలో అతి మామూలుగా కనిపించే జాబితా తయారీయే నా దృష్టిలో అన్నింటికన్నా కష్టమైన పని. 1942లో దేశంలో లక్షకు పైగా స్కూల్ డిస్ట్రిక్టులు ఉండేవి. ఒక్క గది, ఒక్క పంతులు ఉన్న పల్లెబడి కూడా అప్పట్లో ఒక ప్రభుత్వమే. విలీనాలతో అవి తగ్గిపోయి నేటి పన్నెండు వేల చిల్లరకు వచ్చాయి. అదే కాలంలో స్పెషల్ డిస్ట్రిక్టులు కొన్ని వేల నుంచి దాదాపు నలభై వేలకు పెరిగాయి. టెక్సస్ వంటి రాష్ట్రాల్లో కొత్త కాలనీ వేసే బిల్డరు నీటిగొట్టాలకు, మురుగు కాలువలకు కావలసిన డబ్బును బాండ్ల ద్వారా తేవడానికి ఒక యుటిలిటీ డిస్ట్రిక్టును ఏర్పాటు చేయించుకుంటాడు. ఇళ్లకు పునాదులు పడకముందే ప్రభుత్వం పుడుతుందన్నమాట. అప్పు తీరాకనో, ఆ ప్రాంతాన్ని నగరం కలుపుకున్నాకనో అది రద్దు కావచ్చు. ఇలా పుట్టి, రూపు మారి, అంతరించే సంస్థలను ఐదేళ్లకొకసారి లెక్కపెడితే ఆ మధ్యలో జాబితా ఎంతో కొంత పాతబడక తప్పదు.

ఏది ప్రభుత్వం, ఏది కాదు అని తేల్చడానికి సెన్సస్ బ్యూరో మూడు పరీక్షలు పెట్టుకుంది. ఆ సంస్థకు వ్యవస్థీకృతమైన ఉనికి ఉండాలి, ప్రభుత్వ స్వభావం ఉండాలి, తగినంత స్వయంప్రతిపత్తి ఉండాలి. మూడో పరీక్షలోనే తకరారు వస్తుంది. న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ పాఠశాలలు నగర పాలనలో భాగం కనుక, ఉపాధ్యాయుల జీతాలన్నీ నగర వ్యయంలోనే చేరతాయి. హ్యూస్టన్‌లో స్కూల్ డిస్ట్రిక్టు వేరే ప్రభుత్వం కనుక ఆ ఖర్చు నగరం పద్దులో కనిపించదు. హవాయిలో బడులను రాష్ట్రమే నడుపుతుంది. ఈ తేడా తెలియకుండా తలసరి వ్యయం లెక్కకట్టి, ఫలానా నగరం దుబారా చేస్తోంది, ఫలానా నగరం పొదుపుగా ఉంది అని ర్యాంకులు ఇచ్చే వార్తలు ఏటా చూస్తూనే ఉంటాం. లింకన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ల్యాండ్ పాలసీ అనే పరిశోధన సంస్థ ఈ లోపాన్ని సరిదిద్దడానికి, ఒక్కొక్క పెద్ద నగరంలోని ప్రజలకు సేవలందించే కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్టు, స్పెషల్ డిస్ట్రిక్టుల వాటాలను కూడా నగరానికి కలిపి, పోల్చదగిన లెక్కలు ప్రత్యేకంగా తయారుచేస్తోంది. ఆ పని సాధ్యమైంది కూడా సెన్సస్ వాళ్లు సంస్థలవారీగా వివరాలు ఇవ్వడం వల్లనే.

లెక్కల సంవత్సరం సంగతి మరొకటి. నలభై ఆరు రాష్ట్రాలకు ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. న్యూయార్క్‌కు మార్చి 31, టెక్సస్‌కు ఆగస్టు 31, అలబామా, మిషిగన్‌లకు సెప్టెంబరు 30. ఒకే రాష్ట్రంలోని నగరాలకు, కౌంటీలకు, స్కూల్ డిస్ట్రిక్టులకు కూడా వేరువేరు తేదీలు ఉండవచ్చు. జులై నుంచి మరుసటి జూన్ లోపు ముగిసిన సంవత్సరాలన్నింటినీ ఒకే ఏడాది కింద చేర్చడం స్థానిక ప్రభుత్వాల విషయంలో పాటించే పద్ధతి. దాని ప్రకారం 2021 సెప్టెంబరులో ముగిసిన నగరం పద్దు, 2022 జూన్‌లో ముగిసిన మరో నగరం పద్దు రెండూ 2022 లెక్కలోకే వస్తాయి. మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. కోవిడ్ వంటి ఉపద్రవం వచ్చినప్పుడు మాత్రం ఒక నగరానికి పన్ను రాబడి పడిపోయిన నెలలు, మరో నగరానికి అది కోలుకున్న నెలలు ఒకే గంపలో పడతాయి. మార్చి 31తో అన్ని స్థాయుల ప్రభుత్వాలకూ సంవత్సరం ముగిసే మన దేశం నుంచి వచ్చినవాడికి ఇది వింతగానే ఉంటుంది.

వివరాలు సేకరించే తీరు కూడా ఒకేలా ఉండదు. రాష్ట్ర ప్రభుత్వాల విషయంలో చాలావరకు సెన్సస్ ఉద్యోగులే ఆయా రాష్ట్రాల ఖాతాలు, నివేదికలు తీసుకుని తమ వర్గీకరణలోకి మార్చుకుంటారు. కొన్ని రాష్ట్రాల్లో స్థానిక సంస్థల లెక్కలను రాష్ట్రస్థాయి కార్యాలయం ఎలాగూ సేకరిస్తుంది కనుక వాటిని మూకుమ్మడిగా అక్కడినుంచే తెచ్చుకుంటారు. మిగిలినవారికి ప్రశ్నావళి వెళుతుంది. స్థానిక ప్రభుత్వాలు దానికి జవాబివ్వడం స్వచ్ఛందం. గుమస్తా ఒక్కరే ఉన్న చిన్న టౌన్‌షిప్‌లో, ఆ ఒక్కరూ నీటి బిల్లులు, ఎన్నికల పనులు, బోర్డు సమావేశాల మినిట్స్ చూసుకుంటూ మధ్యలో ఈ ప్రశ్నావళి నింపాలి. తమ పుస్తకంలో జనరల్ ఫండ్, రోడ్ల ఫండ్ అని రాసుకున్న మొత్తాలను పోలీసు, రహదారులు, పార్కులు అనే విధులవారీగా, అందులో మళ్లీ నిర్వహణ, నిర్మాణం, ఇతర మూలధన వ్యయం అంటూ విడగొట్టి ఇవ్వాలి. జవాబు రాకపోతే పాత సంవత్సరాల సమాచారం, సాటి సంస్థల పోకడ చూసి అంచనా వేసి ఖాళీ పూరిస్తారు. ఇదంతా ముగిసి వార్షిక ఆర్థిక గణాంకాలు వెలువడేసరికి సుమారు రెండేళ్లు పడుతుంది.

నిధులు, నమూనా మారినప్పుడు ఈ వ్యవస్థ ఎంత పెళుసో బయటపడింది. 2001, 2003 సంవత్సరాలకు స్థానిక ప్రభుత్వాల లెక్కలు రాష్ట్రాలవారీగా అందుబాటులో లేవు. ఆనాటి ఆర్థిక మాంద్యంలో రాష్ట్రాలు తమ లోటును స్థానిక సంస్థల మీదికి ఎంతవరకు నెట్టాయో చూడదలచిన పరిశోధకుడికి సరిగ్గా కావలసిన చోటే వరుస తెగిపోయింది. 2007లో నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ నిపుణుల బృందం ఈ కార్యక్రమాన్ని సమగ్రంగా సమీక్షించి, సకాలంలో విడుదల కావడాన్ని ప్రధానమైన అంశాల్లో ఒకటిగా ఎత్తిచూపింది.

ఈ గణాంకాల సేకరణకు ఆదరణ ఎందుకు తగ్గిందన్నదానికి నాకు తోచిన కారణం ఒకటుంది. 1972లో నిక్సన్ కాలంలో వచ్చిన రెవెన్యూ షేరింగ్ చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం నగరాలకు, కౌంటీలకు, టౌన్‌షిప్‌లకు నేరుగా డబ్బు పంచేది. ఎవరికెంత అన్న సూత్రంలో జనాభా, ఆదాయంతో పాటు స్థానికంగా వసూలు చేసుకుంటున్న పన్ను కూడా లెక్కలోకి వచ్చేది. తన వాటా తన పన్నుల అంకె మీద ఆధారపడి ఉందని తెలిసిన చిన్న ఊరి గుమస్తాకు ఆ అంకె పంపడంలో శ్రద్ధ ఉంటుంది. ఆ పథకం 1986లో ముగిసింది. రాష్ట్రాలకు, కేంద్రానికి మధ్య ఆర్థిక సంబంధాలను అధ్యయనం చేస్తూ, ఈ గణాంకాలను విస్తారంగా వాడిన సలహా సంఘం 1996లో మూతపడింది. జీడీపీ లెక్కించే బ్యూరో ఆఫ్ ఎకనమిక్ అనాలిసిస్, ఫెడరల్ రిజర్వ్ వంటి పెద్ద వినియోగదారులు మిగిలారు కాని, సమాచారం ఇచ్చే ఊరికి, దాన్ని వాడుకునే వాషింగ్టన్ కార్యాలయానికి మధ్య ప్రత్యక్షమైన లావాదేవీ పోయింది.

2021లో ఆ లావాదేవీ అనుకోకుండా మళ్లీ కనిపించింది. కోవిడ్ సహాయంగా రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు 35,000 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు, రాబడి నష్టాన్ని ఎలా కొలవాలన్న ప్రశ్న వచ్చింది. ట్రెజరీ శాఖ కొత్త నిర్వచనం కనిపెట్టకుండా, సెన్సస్ వర్గీకరణను ఆధారంగా తీసుకునే సాధారణ రాబడిని నిర్వచించింది. మహమ్మారి రాకపోయి ఉంటే రాబడి ఏటా ఎంత పెరిగేదన్న అంచనాకు మొదట వాడిన 4.1 శాతం కూడా సెన్సస్ పాత లెక్కల నుంచి తీసిన సగటే. అంతవరకు ఆ ప్రశ్నావళిని పక్కన పడేసిన ఊళ్లు ఎన్నో ఆ నిర్వచనాన్ని అక్షరం అక్షరం చదువుకోవలసి వచ్చింది. మన పదిహేనవ ఆర్థిక సంఘం ఇంచుమించు ఇదే కిటుకు వాడింది. ఆడిట్ అయిన పద్దులు ఆన్‌లైన్‌లో పెడితేనే పంచాయతీలకు, మున్సిపాలిటీలకు గ్రాంటు అన్న షరతు పెట్టింది. ఎంత నాణ్యమైన పద్దులు వస్తున్నాయన్నది వేరే చర్చ కాని, అడిగితే పంపకపోవడమన్న మొదటి అడ్డంకి అలా తొలగుతుంది.

ఇక సాంకేతిక మార్గాలు. సెన్సస్ బ్యూరో పరిశోధకులు సేబుల్ అనే సాధనాన్ని తయారుచేశారు. అది ప్రభుత్వాల వెబ్‌సైట్లలో తిరిగి, పనికొచ్చే ఆర్థిక నివేదికల పీడీఎఫ్‌లను యంత్రాభ్యాసం ద్వారా గుర్తించి వాటినుంచి అంకెలు తీయడానికి ప్రయత్నిస్తుంది. ఇది మంచి ప్రయత్నమే. అయితే ఎక్సెల్‌లో ఉన్న లెక్కను పీడీఎఫ్‌గా మార్చి పెట్టడం, దాన్ని మరొకరు యంత్రంతో మళ్లీ అంకెలుగా మార్చడం చూస్తే, వడ్లు దంచి బియ్యం చేశాక మళ్లీ ఊక అతికించినట్టు ఉంటుంది. అంకెకు పుట్టినచోటే, అది దేనికి సంబంధించినదో యంత్రానికి తెలిపే గుర్తు తగిలించడం అంతకన్నా సూటి మార్గం. కంపెనీల నివేదికల్లో ఇలాంటి గుర్తుల కోసం వాడే ఎక్స్‌బీఆర్‌ఎల్ ప్రమాణాన్ని స్థానిక ప్రభుత్వాలకు అన్వయించాలని ఫ్లోరిడా 2018లో చట్టం చేసింది. 2022 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ ఫైనాన్షియల్ డేటా ట్రాన్స్‌పరెన్సీ చట్టం, మున్సిపల్ బాండ్ల మార్కెట్‌కు అందే సమాచారాన్ని యంత్రం చదవగల రూపంలోకి తేవాలంటోంది.

నా అభ్యంతరం ఒక్కటే. ఆడిట్ నివేదికలు, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల పద్దులకు నియమాలు రాసే గాస్బీ అనే బోర్డు ప్రమాణాల ప్రకారం నడుస్తాయి. వాటి దృష్టి ఆ ఒక్క సంస్థ ఆర్థిక స్థితి మీద ఉంటుంది. పింఛన్ల భారం 2012 నాటి ప్రమాణం తరువాత ఆస్తి అప్పుల పట్టికలోకే వచ్చింది. సెన్సస్ లెక్క దేశం మొత్తానికి ఉద్దేశించినది కనుక, రాష్ట్రం స్కూల్ డిస్ట్రిక్టుకు ఇచ్చిన నిధులు ఒకచోట వ్యయంగా, మరోచోట మళ్లీ వ్యయంగా రెండుసార్లు చేరకుండా చూడాలి. ఒక శాఖ నుంచి మరో శాఖకు జరిగే అంతర్గత చెల్లింపులను తీసేయాలి, పింఛను నిధులను వేరుగా చూపాలి. ఈ తీసివేతలన్నీ ఇప్పుడు అనుభవజ్ఞులైన విశ్లేషకులు చేస్తున్నారు. గుర్తులు తగిలించే బాధ్యత సంస్థలకే వదిలేసి, ఆ విశ్లేషకుల పోస్టులు మిగులుబాటుగా చూపిస్తే, లెక్కలు త్వరగానే వస్తాయి కాని ఒకదానితో ఒకటి కలవవు. బాండ్ల మార్కెట్ కోసం ప్రమాణాలు రాస్తున్నవారు, సెన్సస్ వర్గీకరణ పట్టికను పక్కన పెట్టుకుని ఏ అంశం దేనికి సరిపోతుందో ముందే తేల్చుకోవాలి. 2027 గణన దగ్గరపడుతోంది కనుక అది ఇప్పుడే జరగవలసిన పని.

అలా జరిగినా, బాండ్లు అమ్మే పెద్ద సంస్థల వరకే ఆ మార్గం పనికొస్తుంది. వేలకొద్దీ చిన్న టౌన్‌షిప్‌లు, శ్మశానాల డిస్ట్రిక్టులు, మురుగు కాలువల డిస్ట్రిక్టులు బాండ్ల మార్కెట్ గడప ఎన్నడూ తొక్కవు. వాటికి ఆ చట్టం వర్తించదు. డబ్బు పరిమాణంలో వాటి వాటా స్వల్పమే అయినా, సంఖ్యలో ఎక్కువ అవే. వాటికి నాలుగైదు ప్రశ్నల చిన్న ఫారం చాలునని, విధులవారీ విభజన కోసం వాటిని వేధించకుండా రాష్ట్ర ఆడిటర్ దగ్గర ఉన్నదానితో సరిపెట్టుకోవాలని, మిగిలిన ఓపికంతా జాబితాను ఏటా సరిచూడడానికి వాడాలని నా అభిప్రాయం.