పొద్దున ఓపీలో కనపడని జబ్బు

మా పాప ఇప్పుడు బడికి నడిచే పోతోంది. అందుకే ఇదంతా రాసే ధైర్యం వచ్చింది.

రెండో తరగతిలో మొదలైంది. పొద్దున లేస్తూనే ఉరికేది. బడి నుంచి వచ్చేసరికి ఎడమ పాదం లోపలికి తిరిగిపోయేది, మడమ నేలకు ఆనేది కాదు. మాపటికి గోడ పట్టుకుంటే గానీ అడుగు పడేది కాదు. కడపలోనే చూపించాం. ఎమ్మారై, రక్తపరీక్షలు, అన్నీ నార్మల్. మేం పోయేది పొద్దున ఓపీకి, అక్కడ పాప చక్కగా నడిచి చూపించేది. ఒక పెద్ద డాక్టరు దాని ముందరే అన్నాడు: "బడి ఎగ్గొట్టేదానికి వేషాలమ్మా, రెండు తగిలించండి." పాప నా కొంగులో ముఖం దాచుకుంది. ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు.

ఒకరోజు పెళ్లికి పోయి పగలంతా నిద్రలేకుండా తిరిగింది. ఆ రాత్రి రెండు కాళ్లూ కొయ్యబారినాయి, వేళ్లు ముడుచుకున్నాయి, నడుము విల్లులా వంగింది. తెలివిలోనే ఉంది. "అమ్మా, నా కాళ్లు నా మాట వినడంల్యా" అని ఏడ్చింది. మా ఆయన ఆటో కోసం పరిగెత్తినాడు. అత్త దేవుని కడప వెంకన్నకు ముడుపు కట్టింది. నేను ఫోన్ తీసి వీడియో పట్టినా. "బిడ్డ అట్లుంటే ఫోనేందే!" అని అత్త అరిచింది. ఆటో వచ్చేలోపే పాప నిద్రపోయింది. తెల్లారి ఏమీ జరగనట్టు లేచి దోసె అడిగింది.

ఆ వీడియోనే తిరుపతిలో పిల్లల నరాల డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. పొద్దున, మధ్యాహ్నం నిద్ర లేచినాక, మాపటేల, మూడు పూటలా నడక తీసుకురమ్మంది. చెప్పుల్లేకుండా, తల నుంచి పాదం దాకా కనపడేట్టు, ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి. ఫోన్ నీళ్లబిందెకు ఆనించి తీసేదాన్ని. మా ఇంట్లో పరిచినవి కడప బండలే. పాదం ఎంత పక్కకు పోతోందో, మడమ ఎంత లేస్తోందో ఆ బండల సందుల గీతల మీద తేటగా తెలిసేది. ఎంతసేపు నిద్రపోయిందో ఫోన్‌లోనే రాసిపెట్టేదాన్ని.

డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా అంది, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలిపడే జబ్బు. మెదడులో కదలికల్ని నడిపించే డోపమిన్ అనే రసాయనం సరిగా తయారుకాదు, సాయంత్రానికి తక్కువైపోతుంది, నిద్రపోతే కాస్త కోలుకుంటుంది. సెగావా అనే జపాన్ డాక్టరు 1970లలోనే దీన్ని వివరించాడంట. పార్కిన్సన్స్ అనే వణుకుజబ్బు వచ్చిన పెద్దవాళ్లకిచ్చే లెవోడోపా మందునే, చిన్న డోసులో ఇచ్చింది. కొన్నాళ్లకే మడమ బండకానింది. ఆ తల్లి చల్లగుండాలి! డోసు పెంచినప్పుడు చేతులు ఊరికే ఆడుతుంటే, అదీ వీడియో తీసి పంపితే తగ్గించింది. ముడుపు కూడా చెల్లించినాం. వెంకన్న దయ అని అత్త అంటే నేను కాదనను.

ఒక్క మంట మాత్రం ఆరలేదు. ఆ రాత్రి వీడియోను మా చుట్టాల్లో ఒకరు కుటుంబం గ్రూపులో పెట్టినారు. బిడ్డ బాధ తమాషా కాదు. డాక్టరుకు తప్ప ఎవరికీ పంపొద్దండి.

మీ బిడ్డ పొద్దున బాగుండి మాపటికి కాళ్లు మెలిపడుతుంటే, ఎవరైనా సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్లుచేతులు సరిగా ఆడని జబ్బు) అన్నా సరే, నటన అన్నా సరే, ఆ సాయంత్రం వీడియో తీసుకుని పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పోండి.