దీపావళి ఫోటోతో దొరికిపోయాను

'దీపావళి రాత్రి నాసా తీసిన భారతదేశం' అని ఒక ఫోటో మా స్టాఫ్ గ్రూపులోకి వస్తే, బాగుందని ఇంకో నాలుగు గ్రూపులకి నేనే పంపాను. సైన్సు మాస్టారు పంపాడంటే ఎవరు అడుగుతారు? మర్నాడు తొమ్మిదో తరగతిలో కూడా చూపించాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, కొన్నిచోట్ల తెలుపు, పక్కనే ఎరుపు, ఆకుపచ్చ... పేటకో రంగు టపాకాయలు కాలుస్తారా?" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. అక్కడికక్కడే, ఫోటో ఎక్కడెక్కడ ఉందో వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టాం. ముందు వచ్చినవన్నీ పండగ శుభాకాంక్షలే. వెతగ్గా వెతగ్గా 2012లో నాసా ఇచ్చిన వివరణ దొరికింది. అసలది ఒక రాత్రి తీసిన ఫోటోయే కాదు. ఏళ్ల తరబడి ఉపగ్రహాలకు కనిపించిన దీపాలను కలిపి, అమెరికాలో సముద్రాలనూ వాతావరణాన్నీ పరిశీలించే ప్రభుత్వ సంస్థ నోవా శాస్త్రవేత్త 2003లో చేసిన చిత్రం. 1992కి ముందే ఉన్న దీపాలు తెలుపు, 1992లో కనిపించినవి నీలం, 1998లోవి ఆకుపచ్చ, 2003లోవి ఎరుపు. జనాభా ఎలా పెరిగిందో చూపడానికి వేసిన రంగులవి. దీపావళికి పెరిగే వెలుగు అంతరిక్షం నుంచి దాదాపు తెలియనే తెలియదట.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. ఏది చూపించినా "ఫేక్ సార్!" చంద్రుడి మీద దిగిన విక్రమ్ ల్యాండర్‌ను ప్రజ్ఞాన్ రోవర్ తీసిన ఫోటో చూపిస్తే, "ఈ రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ ఎవరు తీస్తారు సార్" అని కొట్టిపారేశారు. ఇస్రో 2023 ఆగస్టు 30న విడుదల చేసిన ఫోటో అది! అన్నీ నమ్మేయడం ఎంత సులువో, అన్నీ తోసేయడమూ అంతే సులువని నాకప్పుడు తట్టింది. అందుకని ఫేక్ అన్నవాళ్లు కూడా ఎవరు తీశారు, ఎప్పుడు, ముందుగా ఎక్కడ పెట్టారు అన్నవి నోట్సులో రాసి చూపించాలన్నాను. అరుపులు సగానికి తగ్గాయి.

ఒకమ్మాయి మాత్రం, "మా నాన్న రోజూ ఇలాంటివే పంపుతాడు. తప్పని చెబితే నాకే నేర్పుతావా అంటాడు. ఏం చెయ్యాలి సార్?" అంది. ముందు నా సంగతి చూసుకుంటానన్నాను. ఆ రాత్రే నేను పంపిన నాలుగు గ్రూపుల్లోనూ తప్పు ఒప్పుకుంటూ వివరం పెట్టాను. ఇద్దరు బొటనవేలు ఎత్తారు. తెల్లారేసరికి అదే ఫోటో మళ్లీ వచ్చింది, ఆ ఇద్దరిలో ఒకరి నుంచి.