గాలి పట్టే గుడ్డ

సెయిల్ లాఫ్ట్‌లో, అంటే తెరచాపలు కుట్టే షెడ్డులో, మిషన్లు బల్లల మీద ఉండవు. నేలలో గుంట తీసి బిగిస్తారు. కుట్టేవాడు కాళ్లు గుంటలోకి దించుకొని కూర్చుంటాడు. అంత పెద్ద తెరచాప వేలాడకుండా, చెక్క నేల మీద జారుకుంటూ సూది కిందికి రావాలంటే అదే మార్గం. ఎమ్మిగనూరులో గుంట మగ్గాల మధ్య పెరిగిన నాకు దుబాయ్‌లో మొదటిసారి మనసు కుదుటపడింది ఆ గుంటలో కూర్చున్నాకే. అంతకుముందు టైలర్ వీసా మీద వచ్చి యూనిఫాంలు కుట్టాను. ఆ కంపెనీ జీతాలు ఆపేస్తే తెలిసిన అన్న ఒకాయన ఇక్కడ చేర్పించాడు.

మా ఊరి చేనేత సంఘం 1938లో మాచాని సోమప్ప గారు పెట్టింది. నాయన దానికే నేసేవాడు. పత్తికి పక్కనే ఆదోని మార్కెట్టు. అందుకే తెరచాపలు కూడా ఒకప్పుడు నూలుగుడ్డవేనని తెలిసి వాటి సంగతులు అడగడం మొదలుపెట్టాను. 1851లో ఇంగ్లండ్‌లో వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో ‘అమెరికా’ అనే పడవ గెలిచింది. ఇంగ్లీషువాళ్ల తెరచాపలు అవిసెనారవి. వాటి నేత వదులుగా ఉండేది, సందులు మూసుకోవడానికి నీళ్లు చల్లేవాళ్లు. అమెరికా పడవవి మిల్లులో బిగువుగా నేసిన నూలువి. గెలుపులో పడవ ఆకారానికీ భాగముంది, కానీ ఆ గుడ్డను మాత్రం అందరూ గమనించారు.

నూలుతో తిప్పలూ ఉన్నాయి. కొత్త తెరచాపను కొన్నాళ్లు చిన్న గాలికే వాడి సాగదీసి కుదర్చాలి. తడిగా మడిస్తే బూజు పడుతుంది. ఈ రెండు బాధలూ పాలిస్టర్‌తో పోయాయి. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పోగు అది. 1950ల్లో డేక్రాన్ పేరుతో తెరచాపల్లోకి వచ్చింది, ఇప్పటికీ మా లాఫ్ట్‌కు వచ్చేవాటిలో ఎక్కువ అవే.

డేక్రాన్ గుడ్డ చూసినప్పుడు నాకు వింతగా తోచింది పేక, అంటే నేతలో అడ్డంగా నడిచే పోగు. మగ్గం మీద పొడవునా సాగదీసి కట్టేది పడుగు. గాలి బరువు ఎక్కువగా పడేది తెరచాప వెనక అంచు మీద, దాన్ని లీచ్ అంటాం. గుడ్డ పట్టీలను లీచ్‌కు అడ్డంగా పేర్చి కుడతారు కాబట్టి పేక పోగులు లీచ్ వెంబడి నిలువునా నడుస్తాయి. అందుకే ఈ గుడ్డలో పేక తిన్నగా, బలంగా ఉంటుంది. దాని మీదా కిందా వంకర తిరిగేది పడుగే. ఫోన్‌లో చెబితే నాయన నమ్మలేదు. “పడుగు కదరా బరువు మోసేది, పేకేంది మోసేది?” అన్నాడు. అంచు దగ్గరగా ఫొటో తీసి పంపితే చాలాసేపు చూసి, “బాగా దెబ్బ కొట్టి నేసినారు” అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెప్పు.

ఎంత బిగువుగా నేసినా నేతకు ఒక లోపం తప్పదు. తువ్వాలును పోగుల వెంబడి లాగితే సాగదు, మూలగా లాగితే సాగుతుంది. టైలర్లు క్రాస్ అంటారే, అదే. తెరచాప అలా మూలగా సాగితే దాని పొట్ట, అంటే గాలికి ఉబ్బే భాగం, వెనక్కి జరుగుతుంది. పడవ ముందుకు పోవడం తగ్గి పక్కకు ఒరగడం ఎక్కువవుతుంది. గుడ్డకు రెజిన్, అంటే ఆరితే గట్టిపడే జిగురు లాంటిది, ఎక్కించేది ఈ సాగుడును ఆపడానికే. తర్వాత మూలల నుంచి కిరణాలుగా విచ్చుకునేలా పట్టీలు కత్తిరించారు. ఆపైన మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ పొరకు పోగులు అంటించారు. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్ అనే గట్టి పోగు కూడా అలా తెరచాపల్లో చేరింది. సాగదు, కానీ ఎండకూ పదే పదే మడతకూ ఓర్చదు.

చివరికి మగ్గాన్నే పక్కన పెట్టారు. 1990ల్లో నార్త్ సెయిల్స్ అనే తెరచాపల కంపెనీ వాళ్లు అమెరికాలో నెవాడాలోని మిండెన్‌లో పెద్ద అచ్చు మీద పొర పరిచి, కంప్యూటర్ చెప్పిన దారిలో పోగులు పరిచి, తెరచాపను ఒకే ముక్కగా తయారుచేశారు. 2010 ప్రాంతంలో ఆ పొర కూడా పోయి, సన్నటి పోగుల టేపులు పేర్చి అతికించే 3డీఐ పద్ధతి వచ్చింది. నాయన అడిగింది ఒక్కటే: “అయితే నేసేవాడు ఎవురు?” నేతపని ఓడిపోయిందని నేననుకోను. పోగు ఏ దిక్కున బరువు మోయాలో తెలియడమే సగం నేత. ఆ యంత్రం చేసేదీ అదే పని.

ఇక్కడి ఎండలో అన్నిటికంటే ముందు పోయేది గుడ్డ కాదు, కుట్టుదారం. బాగున్నట్టే కనిపించే తెరచాప మీద కుట్టును గోరుతో గీరితే దారం పొడిగా రాలుతుంది. అందుకే లీచ్ అంచున ఎండ ఆపే పట్టీ వేస్తాం. అడిగినవాళ్లకు ఎండకు చివకని పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం) దారంతో కుడతాం, ఖరీదెక్కువ. పందేలకు పోని పడవకు డేక్రానే మేలని నేను గట్టిగా చెబుతాను. పొట్ట మారితే కుట్టు విప్పి, పట్టీ అంచు కాస్త లోపలికి తీసి మళ్లీ కుట్టొచ్చు. ఒకే ముక్కగా పోసినదానికి విప్పడానికి కుట్టే ఉండదు. వేడి తగ్గి అక్టోబర్‌లో సీజన్ మొదలయ్యేసరికి అలాంటి మరమ్మతులే మా నేలంతా పరుచుకుంటాయి.