చాపిన చేయి చూడని డాక్టరు

అన్నం ముద్ద రొమ్ము ఎముక వెనుక ఆగిపోయినట్లు ఉండటం, పడుకోగానే పుల్లటి నీళ్లు గొంతులోకి రావడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం నాకు మూడేళ్లుగా ఉన్నాయి. ఈ నెలలోనే దానికి పేరు తెలిసింది.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. ఎండోస్కోపీ, అల్ట్రాసౌండ్ సులువుగానే అయ్యాయి. రెండింటిలోనూ ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించకపోవడమే నా నేరమైంది. ఉదర వ్యాధుల డాక్టరుగారి దగ్గరకు ఐదోసారి వెళ్లినప్పుడు, కోరాపుట్ చలికి నా వేళ్లు తెల్లబడి ఆ తరువాత నీలంగా మారుతున్నాయనీ, చర్మం బిగుసుకుపోయి పెళ్లినాటి ఉంగరాన్ని కంసాలి చేత కోయించుకోవలసి వచ్చిందనీ చెబుతూ చేయి ఆయన ముందుకు చాపాను. ఆయన చూడలేదు. మా ఆయన వైపు తిరిగి, "ఇంట్లో అత్తాకోడళ్లకు పడదా?" అని అడిగారు. గదిలో ఉన్న కాంపౌండరూ, తరువాతి రోగితో వచ్చిన ఇద్దరూ నవ్వారు. ఆ సమయంలో మా అత్తగారు నా కోసం చోడి అంబలి ఫ్లాస్కు ఒడిలో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చీటీలో నిద్రమాత్ర రాశారు. దాన్ని ఇరవై రోజులు మింగాను. అప్పటికి నా బాధ మీద నాకే నమ్మకం పోయింది. ఆ డాక్టరుగారిని నేను క్షమించలేదు.

చివరకు మా ఆడపడుచు పట్టుబట్టి కిరండూల్ రైలులో విశాఖపట్నం తీసుకువెళ్లింది. అక్కడి కీళ్లవాతాల డాక్టరమ్మ కడుపు సంగతి వినకముందే నా రెండు చేతులూ పట్టుకుని, గోళ్ల మొదళ్లను భూతద్దంతో పరీక్షించారు. రక్తంలో ఏఎన్ఏ, యాంటీ సెంట్రోమియర్ అనే, ఒంటి సొంత కణాల మీదే తయారయ్యే యాంటీబాడీల పరీక్షలు పాజిటివ్ వచ్చాయి. జబ్బు సిస్టమిక్ స్క్లెరోసిస్. కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్ మితిమీరి పేరుకుని చర్మాన్నే కాక లోపలి అవయవాలనూ బిగిస్తుందనీ, ఈ జబ్బున్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి జీర్ణకోశంలో ఎక్కడో ఒకచోట ఇబ్బంది ఉంటుందనీ, అన్నవాహికే ఎక్కువగా దెబ్బతింటుందనీ ఆవిడ వివరించారు. కండరం బలహీనపడినా ఎండోస్కోపీ మామూలుగానే ఉండవచ్చునట. అన్నవాహిక కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్షలో ముక్కు గుండా సన్నని గొట్టం దించి, 5 మి.లీ. చొప్పున పదిసార్లు నీళ్లు మింగించారు. కళ్ల నీళ్లు కారాయి గానీ, అక్కడ నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. అన్నవాహిక కింది భాగంలో కదలిక దాదాపు లేదనీ, అడుగున ఉండే కవాటం వదులైందనీ తేలింది. ఊపిరితిత్తుల స్కాన్, గుండెకు ఎకో కూడా తీశారు.

కడుపు బాధతో పాటు చలికి వేళ్లు రంగు మారేవారు, మారిన క్షణంలోనే ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి. చేయి చూడని డాక్టరు దగ్గర ఆరోసారి కూర్చోకండి.

ఆమ్లం తగ్గించే మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకుంటున్నాను. రాత్రి ఏడింటికే తినేసి, మూడు గంటలు గడిచాకే పడుకుంటున్నాను. మంచం తలవైపు 6 అంగుళాలు ఎత్తు చేయమన్నారు. పెరట్లో నుంచి ఇటుకలు ఏరి తెచ్చి, మంచం కోళ్ల కింద పెట్టి, కదలకుండా గోనెపట్టా చుట్టినది మా అత్తగారే. పన్నెండు రాత్రులుగా పుల్లటి నీళ్లు పైకి రాలేదు.