స్లాబ్ పగిలితే ఇన్సూరెన్స్ డబ్బులిస్తుందా?

కాంక్రీటు పని చేసే కాంట్రాక్టర్లలో చాలామంది లయబిలిటీ పాలసీ ఉంటే స్లాబ్ పగిలినా కంపెనీయే చూసుకుంటుందని నమ్ముతారు. చూసుకోదు. ఆ పాలసీ మన పని వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టం కోసం. పనే నాసిగా ఉంటే దాన్ని పగలగొట్టి మళ్లీ పోసే ఖర్చు సాధారణంగా మన నెత్తినే పడుతుంది. బాత్రూమ్ స్లాబ్‌కి వాటం తప్పి నీళ్లు కింది అంతస్తులోకి దిగాయనుకోండి. కింద పాడైన సీలింగు, చెక్క సామానుకు క్లెయిమ్ రావచ్చు, పైన వాటం సరిచేసే ఖర్చుకు రాదు. అందుకే పాలసీ చేతికి రాగానే ముందు మినహాయింపుల పేజీ చదవాలి.

ఇలాంటి నష్టం పని అప్పగించిన చాలా నెలలకు బయటపడుతుంది. కాబట్టి 'కంప్లీటెడ్ ఆపరేషన్స్' కవర్, అంటే పని అప్పగించాక బయటపడే నష్టానికి రక్షణ, ఉందో లేదో చూడండి. పాలసీ 'క్లెయిమ్స్ మేడ్' రకమైతే క్లెయిమ్ వచ్చిన రోజుకి అది అమల్లో ఉండాలి. మధ్యలో రెన్యువల్ వదిలేస్తే పాత పనులకూ రక్షణ పోతుంది.

పోత మధ్యలో సెంట్రింగ్ కూలితే, పోసిన పనికి జరిగిన నష్టం కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ కిందకి వస్తుంది. బూమ్ పంపు, అంటే లారీ మీది పొడవాటి చేయితో కాంక్రీటు పైకి పోసే బండి, విషయంలో చాలామంది దెబ్బతింటారు. బండి రోడ్డు మీద ఉన్నంతసేపే వాహన పాలసీ అనుకోండి. బూమ్ ఎత్తి పోస్తున్నప్పుడు, పైపులో ఇరుక్కున్న గాలి తన్ని హోస్ ఎగిరి అక్కడున్న మనిషిని కొడితే చాలా వాహన పాలసీలు వర్తించవు. పని వేళకి కవర్ ఉందని పంపు యజమాని దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

కూలీలకు పాలసీ వేరు. తడి కాంక్రీటు పీహెచ్ 12 దాటి ఉంటుంది, అంటే చర్మాన్ని కాల్చేంత ఘాటైన క్షారం. బూటులోకి జారితే మొదట్లో పెద్దగా మంట తెలియదు, సాయంత్రానికి చర్మం లోతుగా కాలిపోయి ఉంటుంది. ఆ రోజే రిజిస్టర్లో రాయకపోతే గాయం ఎక్కడ తగిలిందో రుజువు చేయడం కష్టం.

పగుళ్ల గొడవ వస్తే కాపాడేది కాగితాలే. ప్రతి లారీ చలాను, స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే పరీక్ష) ఫలితం, 7, 28 రోజులకు క్యూబుల బలం పరీక్షించిన ఫలితాలు దాచండి. 100 మిల్లీమీటర్ల మందం ఫ్లోరుకి జాయింట్ కోత (పగులు గీత వెంబడే వచ్చేలా కోసే గాడి) కనీసం 25 మిల్లీమీటర్ల లోతు ఉండాలి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. సైటులో మిక్సర్ లారీలో అదనంగా నీళ్లు పోస్తే ఎన్ని లీటర్లు, ఎవరు పోయమన్నారు అన్నది చలాను మీదే రాయించి సంతకం తీసుకోండి.