తేదీ అడిగితే పండగ చెప్తారు

"తేదీ ఎవరు చెప్తారు బాబూ? 'సంక్రాంతి వెళ్ళిన వారానికి' అంటారు."

ఏఎన్ఎం అక్క ఆ మాట అనగానే మీటింగ్‌లో అందరం ఆగిపోయాం. గర్భిణుల యాప్‌లో చివరి నెలసరి తేదీ వేస్తేనే స్క్రీన్ ముందుకెళ్ళేలా రాసింది నేనే. డాక్టరమ్మకు అది కావాల్సిందే. దానికి 280 రోజులు కలిపే కాన్పు తేదీ లెక్కేస్తారు.

"తెలియకపోతే ఏం చేస్తారక్కా?"

"ఏదో ఒకటి నొక్కేస్తాం. లేకపోతే కదలదుగా."

గుండె ఝల్లుమంది. ఆ "ఏదో ఒకటి" మీదే మేం చెకప్ రిమైండర్లు పంపుతున్నాం.

సాయంత్రానికి క్యాలెండర్‌లో సంక్రాంతి, ఉగాది, రంజాన్, దసరా చేరాయి. "సుమారుగా" అనే బటన్ కూడా. అది నొక్కితే తొలి స్కాన్‌తో సరిచూడమని డాక్టరమ్మకు కనబడుతుంది. అది ఆవిడ ఆలోచనే.

అక్క ఫోన్ తీసుకుని ఒక పేరు ఎక్కించి చూసింది. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు.