వేలుపెట్టి చూపించగలిగే నొప్పి

సోమవారం, రాత్రి

శని, ఆదివారాల రద్దీ కొండ దిగాక తిరుపతిలో సోమవారాలకు ఒక తీరు ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినవాళ్లు పిక్కలు పట్టేశాయంటారు. బిడ్డను చంకనేసుకుని ఎక్కినవాళ్లలో కొందరు మాత్రం రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని వస్తారు. "ఈసీజీ బాగుండాదన్నారు, గ్యాసంట. ఊపిరి పీలిస్తే పొడస్తా ఉంది సార్." ఈ రోజూ ఇదే మాట. ఇలాంటివాళ్లను "ఏమీ లేదు, పొండి" అని పంపేయడం అన్యాయం. గుండెకు ఏమీ లేకపోవచ్చు, నొప్పి మాత్రం ఉంది. దానికి పేరూ ఉంది, చోటూ ఉంది.

పక్కటెముక నేరుగా రొమ్ము ఎముకకు అతుక్కోదు. మధ్యలో మెత్తెముక ఉంటుంది. ఆ అతుకుల దగ్గర వాపుగుణం వస్తే కాస్టోకాండ్రైటిస్. ఎక్కువగా రెండు నుంచి ఐదో పక్కటెముక వరకు, ఒకటికి మించిన చోట్ల నొస్తుంది, పైకి ఉబ్బు కనబడదు. రెండో, మూడో ఎముక దగ్గర ఒక్కచోటే ఉబ్బి నొస్తే అది టీట్సె సిండ్రోమ్; 1921లో జర్మన్ సర్జన్ అలెగ్జాండర్ టీట్సె వివరించినది. బరువులెత్తడం, రోజుల తరబడి దగ్గు, అలవాటు లేని శ్రమ కాస్టోకాండ్రైటిస్‌కు కారణాలు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు.

పరీక్షకు ఒక్క వేలు చాలు. రొమ్ము ఎముక అంచు వెంట ఒక్కో అతుకునూ గట్టిగా నొక్కుతూ దిగాలి. "ఆ, అదే నొప్పి" అనాలి. ఊరికే నొప్పి అంటే చాలదు, వచ్చినప్పటి నొప్పే మళ్లీ రావాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: నొక్కితే నొచ్చింది కాబట్టి గుండెది కాదని తేల్చేస్తారు. గుండెపోటు వచ్చినవాళ్లలోనూ కొందరికి నొక్కితే నొస్తుంది. ముప్పై అయిదు దాటినా, షుగరు, బీపీ, పొగ అలవాటు ఉన్నా ముందు ఈసీజీ, ఆ తర్వాతే వేలు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా అనుమానముంటే రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రొటీన్) చూడాలి, కొన్ని గంటలాగి మళ్లీ చూడాలి. బండ పెట్టినట్టు బరువు, చల్లని చెమట, దవడకో చేతికో పాకడం, ఆయాసం ఉంటే గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

ఇక మందు. ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, తిన్నాక, రోజుకు మూడుసార్లు, వారం వరకు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, రక్తం పల్చబడే మందులు, గర్భం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. వాళ్లకు పారాసెటమాల్ 650, ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా. నొప్పి ఉన్నచోట డైక్లోఫెనాక్ జెల్ పల్చగా రాయొచ్చు. తువ్వాలు అడ్డం పెట్టి పదిహేను నిమిషాలు కాపడం, రోజుకు రెండు మూడుసార్లు.

ఎక్కువమంది ఎక్కడ చెడగొట్టుకుంటారంటే, తగ్గిందో లేదోనని గంటకోసారి బొటనవేలితో నొక్కి చూసుకోవడంలో. బామ్ పెట్టి గట్టిగా రుద్దడం కూడా అంతే. రెండో రోజుకు కాస్త తెరిపిచ్చిందని ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఎత్తేస్తారు, మళ్లీ మొదటికే. మడమ బెణికితే కాలు కదపకుండా ఉంచొచ్చు. ఈ అతుకులు నిమిషానికి పదిహేనుసార్ల లెక్కన రోజుకు ఇరవై వేలకు పైగా కదులుతాయి. ఊపిరి ఆపుకోలేం కదా! పైగా మెత్తెముకకు సొంత రక్తనాళాలు లేవు. అందుకే మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. ఈ సంగతి ముందే చెబితే భయం సగం తగ్గుతుంది. దగ్గుంటే దగ్గుకు మందు పడాలి, దగ్గేటప్పుడు దిండు రొమ్ముకు హత్తుకోవాలి. పొడిచే నొప్పి తగ్గాక గుమ్మంలో నిలబడి, రెండు ముంజేతులూ ద్వారబంధానికి ఆనించి, రొమ్ము ముందుకు సాగేలా ముప్పై సెకన్లు వంగాలి. ఇలా మూడుసార్లు. పొడిస్తే ఆపెయ్యాలి.

జ్వరమొచ్చి ఆ చోటు ఎర్రబడి ఉబ్బితే ఇది కాదు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఒక పక్కనే మంట పుట్టి పొక్కులు లేస్తే సర్పి.

మెట్లెక్కేవాళ్లు బ్యాగులు అలిపిరిలోనే ఇచ్చేస్తే పైకి చేరుస్తారు. బిడ్డను మాత్రం మోకాళ్ల పర్వతం దాకా ఒకే చంకన ఒక్కరే మొయ్యకుండా, వందేసి మెట్లకు ఒకరు మార్చుకోవాలి.